ఎండిన అంటు ఎవరిది

సత్యవతిని అంట్లు కట్టే పని నుంచి తప్పించి మొక్కల కవర్లలో మట్టి నింపే పనిలోకి పంపమని మా యజమాని నాకు చెప్పిన రోజు ఆకాశం మబ్బుగా ఉంది. మామిడి అంటు కట్టడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. గాలిలో తేమ ఉంది, ఎండ లేదు, తల్లి చెట్ల నుంచి కోసి తెచ్చిన పుల్లలు తడి గోనెలో చల్లగా ఉన్నాయి. అలాంటి రోజున మా నర్సరీలోకెల్లా మంచి చెయ్యిని పనిలోంచి తీసేయమన్నారు. ఎందుకండీ అని అడిగితే, పనితనం పడిపోయింది కదా అన్నారు.

పనితనం పడిపోయిందన్న మాట నా ఉద్యోగం పొడుగునా వింటూనే ఉన్నాను. ఎవరో ఒక మనిషిని వేలు పెట్టి చూపించి ఆ మాట అనేస్తారు. ఆ మనిషి ఎక్కడ కూర్చుని పనిచేస్తోంది, ఎవరి పక్కన కూర్చుంది, ఆమె చేతికి ఏ సరుకు వచ్చింది, పొద్దున్నుంచి ఆమె గొంతులోకి ఒక గుక్క నీళ్ళు దిగాయా అని ఎవరూ అడగరు. ఇదంతా అడగాలని నాకు ఏ బడిలోనూ చెప్పలేదు. నేను ఐదో తరగతి దాటలేదు. కడియం నర్సరీల్లో మట్టి మోయడంతో మొదలుపెట్టి మేస్త్రీనయ్యాను, మేస్త్రీగానే పని మానేశాను. చదువు మీద కసితో రాజమండ్రి లైబ్రరీకి సైకిలు మీద వెళ్ళి తోటల పుస్తకాలు తెచ్చుకునేవాణ్ణి. తర్వాత మేనేజిమెంటు పుస్తకాలు కూడా డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. వాటిలో మంచి మాటలు లేకపోలేదు. కానీ చాలావరకు పనివాణ్ణి గట్టు మీద నిలబడి చూసి రాసినవి. గట్టు దిగి రాసినవి తక్కువ.

ఈ మధ్య వ్యవసాయ డిప్లొమా చదివిన కుర్రాళ్ళు, ఆడపిల్లలు సూపర్‌వైజర్లుగా వస్తున్నారు. ఒకతను మా ఇంటికి వచ్చి, "కూలీల చేత పని ఎలా పిండేవారండీ?" అని అడిగాడు. మర్యాదగానే అడిగాడు పాపం. నాకు ఒళ్ళు మండింది. చెరకు గడనుకున్నావా బాబూ, పిండడానికి, అన్నాను. అతను నొచ్చుకుని కాఫీ తాగకుండానే వెళ్ళిపోయాడు. కోపంలో చెప్పలేకపోయిన జవాబు ఇప్పుడు నెమ్మదిగా రాస్తున్నాను. సత్యవతి సంగతి చెబితే సరిపోతుంది. కానీ దానికి ముందు రెండు విషయాలు తెలియాలి.

నీళ్ళు తాగని మనుషులు

మా నర్సరీ మొదట పెద్దాయనది. ఆయన మొక్కను చూసి దాని జబ్బు చెప్పగలిగేవారు. మనిషిని చూసి చెప్పలేకపోయేవారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆడవాళ్ళ చేతులు నెమ్మదించేవి. తలనొప్పి అనేవారు, కళ్ళు తిరుగుతున్నాయనేవారు. పెద్దాయన గట్టు మీద నిలబడి, "అన్నం కాస్త తగ్గించి తినండమ్మా, నిద్ర రాదు" అనేవారు. ఆయన అంటే అందరూ నవ్వాలి కాబట్టి నవ్వేవారు.

అసలు సంగతి నాకు నా భార్య మాణిక్యం చెప్పింది. ఆమె కొన్నాళ్ళు అదే నర్సరీలో కలుపు తీసింది.

"మీ మగాళ్ళకేం, కాలవ గట్టు దిగితే సరి. వాళ్ళెక్కడికెళ్తారు? చుట్టూ రోడ్డు, లారీలు, జనం. అందుకని పొద్దున్నుంచి నీళ్ళు తాగరు. తాగితే కదా వెళ్ళాల్సొచ్చేది."

ఆ మాట పెద్దాయనకి చెప్పాను. ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. నవ్వారు. "మొక్కలకి నీళ్ళు పట్టమని పెట్టుకుంటే మరుగుదొడ్లు కట్టమంటావేంటి సూరిబాబూ" అన్నారు. అంతటితో అయిపోయింది. ఎర్రటి ఎండలో ఏళ్ళ తరబడి ఆ ఆడవాళ్ళు దాహంతో పనిచేశారు. చుట్టూ డ్రిప్పు గొట్టాలు, నీళ్ళ తొట్లు, వానలాగా పడే స్ప్రింక్లర్లు. మొక్క వాడితే మా అందరికీ కంగారు. మనిషి వాడితే ఆమె బద్ధకం.

పెద్దాయనకి పక్షవాతం వచ్చాక ఆయన కొడుకు కిరణ్ బాబు గారు విశాఖపట్నంలో చేస్తున్న ఉద్యోగం మానేసి వచ్చి నర్సరీ చేతిలోకి తీసుకున్నారు. ఎంబీయే చదివిన మనిషి. వచ్చిన మొదటి నెలలోనే అంతా తిరిగి చూసి, ఆడవాళ్ళకి రెండు మరుగుదొడ్లు కట్టించారు, మంచినీళ్ళ క్యాన్లు పెట్టించారు. ఎవరూ అడగకుండానే. ఆ వేసవిలో మధ్యాహ్నాలు కూడా పొద్దుటిలాగే చేతులు ఆడాయి. అదే మనుషులు, అదే కూలి, అదే ఎండ.

ఇది ఎందుకు రాస్తున్నానంటే, ముందు ముందు కిరణ్ బాబు గారి గురించి నేను కొంచెం కటువుగా రాస్తాను. ఆయన మంచివారు కాదని మాత్రం మీరు అనుకోకూడదు. తండ్రికి కనపడనిది ఆయనకి కనపడింది. తండ్రికి కనపడిన ఇంకొకటి, సత్యవతి చేతి విలువ, ఆయనకి కనపడలేదు.

బండి అంట్లు

రెండోది భయం గురించి. తెలియనివారి కోసం అంటు అంటే ఏంటో చెబుతాను. టెంక నుంచి మొలిచిన మామిడి మొక్క తల కోసి, కాండాన్ని చాకుతో నిలువునా చీలుస్తారు. మంచి రకం చెట్టు నుంచి తెచ్చిన పుల్ల అడుగుభాగాన్ని రెండువైపులా చెక్కి ఆ చీలికలో దింపి, ప్లాస్టిక్ టేపుతో బిగించి కడతారు. రెండింటి పచ్చి చర్మాలూ సరిగ్గా ఒకదానికొకటి ఆనాలి. ఆనితే నెల తిరిగేసరికి పుల్ల చిగురిస్తుంది. వెంట్రుకవాసి పక్కకి పోతే నల్లబడి ఎండిపోతుంది. కట్టిన రోజు రెండూ ఒకేలా కనిపిస్తాయి. అదే ఈ పనిలో ఉన్న చిక్కు. తప్పు చేసిన చేతికి తప్పు ఎప్పుడు జరిగిందో గుర్తుండదు.

పెద్దాయన రోజులో ఒకసారి మోటారు సైకిలు మీద వచ్చేవారు. ఆ శబ్దం రోడ్డు మలుపులోనే వినిపించేది. వినగానే మాటలు ఆగిపోయేవి, చేతుల వేగం పెరిగేది. ఆయన ఉన్నంతసేపూ టపటపా కట్టేవారు. ఆయనకి అది చూడముచ్చటగా ఉండేది. "నేను రాకపోతే వీళ్ళు కదలరు సూరిబాబూ" అనేవారు.

ఆ వేగంలో కట్టినవాటిలో చాలా ఎండిపోయేవి. ఆడవాళ్ళు వాటికి పేరు కూడా పెట్టుకున్నారు, బండి అంట్లు అని. వరసలో ఒకచోట ఎండిన మొక్కలు గుంపుగా కనిపిస్తే, "ఇక్కడికొచ్చేసరికి బండొచ్చిందే" అని నవ్వుకునేవారు. పెద్దాయన చనిపోయేదాకా ఆయనకి ఆ మాట తెలియదు. యజమాని చూస్తుండగా జరిగిన పనే అసలైన పని అనుకున్నారు ఆయన. చాలామంది అలాగే అనుకుంటారు. కెమెరాలు పెట్టించుకున్న ఇప్పటి యజమానులు కూడా.

సరే. ఇక సత్యవతి.

తడి గోనె చుట్టూ

మా నర్సరీలో అంట్లు కట్టే ఆరుగురు ఆడవాళ్ళు నీడ కోసం కట్టిన షేడ్ నెట్ కింద గుండ్రంగా కూర్చునేవారు. మధ్యలో తడి గోనెలో చుట్టిన పుల్లల కట్ట ఉండేది. కట్ట విప్పేది సత్యవతి. అందులో బొద్దుగా, మొగ్గ ఉబ్బి ఉన్న పుల్లలుంటాయి. సన్నగా, మొగ్గ ఇంకా పడుకునే ఉన్నవీ ఉంటాయి. వాటిని పీల పుల్లలు అనేవారు. మా తల్లి చెట్లు కొన్నే. ఏ పుల్లనీ పారేసే వీలు లేదు.

సత్యవతి బొద్దు పుల్లలు ఏరి కొత్తవాళ్ళ వైపు తోసేది. పీలవి తన ఒళ్ళో వేసుకునేది. ఇలా చేయమని ఆమెకి ఎవరూ చెప్పలేదు. ఆమె కంటే ముందు కట్ట విప్పిన ఆవిడ అలాగే చేసేదట. పీల పుల్లని చెక్కడానికి చాకు మీద అదుపు కావాలి. సత్యవతి చేతిలో వాటిలో సగం బతికేవి. ఇంకొకరి చేతిలో పదికి ఒకటి బతికినా గొప్పే.

ఆమె శాంతమూర్తి అని ఊహించుకోకండి. నోరు పెద్దది. భర్త లోడు ఆటో నడుపుతాడు, ఇల్లు గడవని మనిషి కాదు. అంటు కట్టడమంటే ఆమెకి గర్వం. కొత్తగా చేరిన మంగ అనే పిల్లతల్లి పీల పుల్ల ఒకటి తీసుకోబోతే చేతి మీద చిన్న దెబ్బ వేసేది.

"అది నాకు పెట్టు. నువ్వు దాన్ని చెక్కితే పళ్ళు కుట్టుకునే పుల్లవుద్ది."

"ఎప్పుడూ మంచివే ఇస్తే నేనెప్పుడు నేర్చుకుంటాను పిన్నీ?"

"ముందు మంచివి బతికించు. బతికించిన చెయ్యికి ధైర్యమొస్తుంది. ధైర్యమొచ్చాక ఇస్తాలే, కట్టకి కట్ట."

ఈ నాలుగు మాటల్లో ఉన్న శిక్షణ నేను చదివిన లావుపాటి పుస్తకాల్లో వెతుక్కున్నాను. దొరికింది, కానీ అధ్యాయాలకి అధ్యాయాలు తిప్పాల్సి వచ్చింది.

రంగులు

నేను పని మానేయడానికి ముందు వానాకాలంలో కిరణ్ బాబు గారు రంగు టేపులు తెప్పించారు. అంతవరకూ అందరూ తెల్ల టేపే వాడేవారు. ఇప్పుడు ఒక్కొక్కరికి ఒక్కో రంగు. సత్యవతికి పసుపు, మంగకి నీలం, నూకరత్నానికి ఎరుపు, అలాగ. నెల తర్వాత వరసల వెంట నడుస్తూ చూస్తే ఎవరి అంట్లు బతికాయో, ఎవరివి ఎండాయో ఇట్టే తెలిసిపోతుంది.

"ఎవరి పని వాళ్ళకి తెలియాలి కదండీ మేస్త్రీ గారూ. బాగా చేసినవాళ్ళకి గుర్తింపు ఉండాలి. అందరినీ ఒకే గాటన కట్టేస్తే మంచి వర్కర్‌కి అన్యాయం" అన్నారు.

న్యాయంగానే ఉంది మాట. నేను కూడా తలూపాను.

రంగులు వచ్చిన వారంలోనే పొద్దున వాతావరణం మారింది. నూకరత్నం అందరికంటే ముందు రావడం మొదలుపెట్టింది. ఆమె చెడ్డ మనిషి కాదు, ఇంట్లో ఇబ్బందులున్న మనిషి. వచ్చి, కట్ట తనే విప్పి, బొద్దు పుల్లలు తన ముందు పోగేసుకునేది. రెండో రోజుకి ఇంకొకామె ముందొచ్చింది. నాలుగో రోజుకి అందరూ ముందొచ్చారు. గేటు దగ్గర అందరినీ చూసి కిరణ్ బాబు గారికి సంతోషం. "చూశారా, రంగులు పెట్టగానే టైముకి వస్తున్నారు" అన్నారు.

సత్యవతి మాత్రం ఎప్పటిలాగే వచ్చేది. ఎవరూ ముట్టని పీల పుల్లలన్నీ ఆమెకి మిగిలేవి. మంగకి నాలుగు మంచివి అందకపోతే, మిగిలినవాటిలో కాస్త మెరుగైనవి ఏరి ఆ పిల్లకిచ్చి మరీ పీలవి తను కట్టేది.

"సత్యవతీ, రంగులున్నాయి చూసుకోమ్మా" అన్నాను ఒకరోజు.

"కళ్ళున్నాయండి నాకు, పసుపు కనపడుద్ది" అంది తల ఎత్తకుండా.

నెల తిరిగింది. కిరణ్ బాబు గారు వరసల వెంట నడిచారు. ఎరుపు చిగురించింది. ఆకుపచ్చ చిగురించింది. పసుపు టేపులున్న చోట్ల సగం పుల్లలు నల్లగా నిలబడి ఉన్నాయి. అక్కడ ఆయన ఆగి, నా వైపు తిరిగారు.

"ఈవిడేనాండీ, మన బెస్ట్ హ్యాండ్ అని నాన్నగారూ మీరూ చెప్పేది?"

అప్పుడే, మొదట్లో రాశానే, ఆ మబ్బు రోజున, సత్యవతిని మట్టి కవర్ల పనికి పంపమన్నారు.

వాదన

పీల పుల్లల సంగతి ఆయనకి చెప్పాను. విన్నారు. ఆయన వినని మనిషి కాదు.

"అయితే ఆవిడ కూడా మంచివి తీసుకోవాలి కదండీ. తీసుకోవద్దని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదండి. ఆవిడ తీసుకోకపోవడం వల్లే మిగతావాళ్ళవి బతుకుతున్నాయండి."

"అది మీ నమ్మకం మేస్త్రీ గారూ. నాకు కనపడేది టేపు. మీరు చెప్పేది నేనెలా కొలవను?"

ఒకరికొకరు చేసుకునే సాయాన్ని ఏ టేపు కట్టి కొలుస్తాం? కొలవలేనిదంతా లేనట్టేనని తీర్మానించే చదువు మీద మాత్రం నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. ఆ కోపం ఆయన మీద చూపించి ప్రయోజనం లేదు కాబట్టి, ఇంకొక్క విడత చూడండి, అప్పటికీ ఇలాగే ఉంటే మీ ఇష్టం అని బతిమాలాను. ఒప్పుకున్నారు.

సత్యవతికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఆమె చాకు తుడుచుకుంటూ వింది.

"మట్టిలోకి పంపుతారటాండి?"

"ఈ విడత కూడా ఇలాగే ఉంటే."

"పంపితే నేను రానండి. ఇంటి దగ్గరే ఉంటాను. మట్టి పని తక్కువని కాదు, నేను చేసొచ్చిందే. ఇన్నేళ్ళు చాకు పట్టి, చేత కాలేదనిపించుకుని మట్టిలో కూర్చోనండి."

"ఆ మాట రాకుండా చూసుకో. రేపు ముందొచ్చి మంచి పుల్లలు తీసుకో. నీ చేతికి వాటిలో ఒకటి కూడా పోదు."

"మరి పీలవి ఎవరు కడతారండి?"

"ఎవరో ఒకరు."

ఆమె నా వైపు అదోలా చూసి నవ్వింది. "ఎవరో ఒకరంటే మంగే కదండి" అంది. నా మాట ఎటు దారి తీస్తుందో ఆమెకి అప్పుడే తెలుసు. నాకు తెలిసినా తెలియనట్టున్నాను.

పచ్చటి పసుపు వరస

మర్నాడు సత్యవతి అందరికంటే ముందొచ్చింది. కట్ట విప్పి తనకి కావలసినవి ఏరుకుంది. నూకరత్నం వచ్చి చూసి, "ఏంటొదినా, ఇయ్యాల సూర్యుడు పడమటొచ్చాడా?" అంది. సత్యవతి, "నీ దగ్గరే నేర్చుకున్నానే" అంది. తర్వాత మాటల్లేవు. గుండ్రంగా కూర్చునే మనుషులు ఒకరికొకరు వీపు పెట్టి కూర్చోవడం ఆ వారమే చూశాను. పాటలు పోయాయి, వెక్కిరింతలు పోయాయి. పని మాత్రం చాలా బుద్ధిగా జరుగుతున్నట్టు కనపడింది. ఎవరైనా పైనుంచి చూస్తే మెచ్చుకుంటారు.

నెల తర్వాత పసుపు వరసలు వరి నారుమడిలా పచ్చగా ఉన్నాయి. ఒక్కటంటే ఒక్కటి పోలేదనవచ్చు. నీలం వరసలు నల్లగా ఉన్నాయి. మొత్తం మీద చూసుకుంటే, నేను మేస్త్రీనయ్యాక అంత పాడైన విడత లేదు. తల్లి చెట్ల పుల్లలు మళ్ళీ రావాలంటే వచ్చే ఏడాదే.

కిరణ్ బాబు గారు వరసలు చూసుకుంటూ వచ్చి అందరి ముందూ నిలబడ్డారు. ఆయన ముఖంలో నిజమైన సంతోషం ఉంది. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

"సత్యవతి గారూ, చాలా బాగుందండి. ఒక్క నెలలో ఎంత మార్పు వచ్చిందో చూడండి. అందుకే అంటాను, మనం ఎక్కడున్నామో మనకి తెలిస్తే మనమే బాగుపడతాం."

ఆయన నీలం వైపు తిరిగారు.

"ఈ రంగు ఎవరిదండీ? ఈవిడకి ఇంకా చేతకావట్లేదు. కొన్నాళ్ళు మట్టి కవర్లు చూడనివ్వండి మేస్త్రీ గారూ."

మంగ లేచి నిలబడింది. ఏడవలేదు. చాకు మడిచి నా చేతికివ్వబోయింది. అప్పుడు సత్యవతి కూర్చున్న చోటు నుంచే అంది.

"ఆ ఎండినవి నావండి."

"మీవి పసుపు కదండీ."

"టేపు దానిదండి. పుల్లలు నావి. ఎప్పుడూ నేను కట్టేవి ఈసారి దాని మెడకి తగిలించానండి. పోయిన నెల నావి ఎండాయి, నన్ను మట్టిలోకి పంపుతానన్నారు. ఈ నెల అవే పుల్లలు దీన్ని మట్టిలోకి పంపుతున్నాయి. వచ్చే నెల ఎవర్ని పంపుతాయో మీరే చెప్పండి. నూకరత్నమా?"

"నన్నెందుకు లాగుతావొదినా మధ్యలో" అంది నూకరత్నం. కానీ తల దించుకుంది. కాసేపాగి, తల దించుకునే, "నిజమేనండి బాబుగారూ" అంది.

కిరణ్ బాబు గారు ఎర్రబడ్డారు. "తర్వాత మాట్లాడదాం" అని ఆఫీసు గది వైపు వెళ్ళిపోయారు. మంగని పంపమని మళ్ళీ అనలేదు, వద్దని కూడా అనలేదు. ఆ పిల్ల ఆ రాత్రి అన్నం తిని ఉండదు.

ఉద్యోగాల్లోకి వచ్చే పిల్లలకి ఇక్కడొక మాట. ఎవరు బాగా చేస్తున్నారు, ఎవరు చేయడం లేదు అని తెలుసుకోవాలనుకోవడం తప్పు కాదు. ఆ తెలుసుకునే పద్ధతే పనిని మార్చేస్తుందని మరిచిపోవడం తప్పు. మీరు ఏది లెక్క చూస్తే మనుషులు అదే చేస్తారు. పాపం, చాలా శ్రద్ధగా చేస్తారు. మీరు చూడనిది, వాళ్ళు అంతకుముందు ఊరికే చేస్తూ ఉన్నది, ఆగిపోతుంది. ఆగిపోయిందని కూడా మీకు తెలియదు, ఎందుకంటే అది ఉన్నదని మీకు ఎప్పుడూ తెలియదు.

మర్నాడు

మర్నాడు నిమ్మ అంట్లు మొదలుపెట్టాలి. నేను వెళ్ళేసరికి ఆడవాళ్ళు మళ్ళీ గుండ్రంగా కూర్చుని ఉన్నారు. మధ్యలో పుల్లల కట్టతో పాటు టేపు చుట్టలన్నీ ఒకే బుట్టలో పడేసి ఉన్నాయి. ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ. ఎవరి చేతికి ఏది వస్తే అది తీసి కడుతున్నారు. సత్యవతి పుల్లలు ఏరుతోంది. మంగ ఎర్ర టేపుతో కడుతోంది, నూకరత్నం నీలంతో. ఎవరి ఆలోచనో నేను అడగలేదు. అడిగితే ఎవరో ఒకరి పేరు చెప్పాల్సి వస్తుంది.

"ఏంటమ్మా ఇది?" అన్నాను.

"అంట్లండి" అంది నూకరత్నం.

అందరూ పగలబడి నవ్వారు. చాలా రోజుల తర్వాత ఆ షేడ్ నెట్ కింద నవ్వు విన్నాను. మేస్త్రీగా నేను ఆపాలి. యజమాని పెట్టిన పద్ధతి అది. ఆపలేదు. తెలిసే ఆపలేదు. ఉద్యోగం పోతే పోనీ అనుకున్నాను. ఆ వయసులో అలా అనుకోవడం పెద్ద వీరత్వం కాదు లెండి.

కిరణ్ బాబు గారు మధ్యాహ్నం వచ్చారు. వరసల చివర నిలబడి చూశారు. ఒకే వరసలో అన్ని రంగులూ. పెళ్ళిపందిరికి కట్టిన కాయితాల్లా ఉంది. ఆడవాళ్ళు తలలు ఎత్తలేదు, చేతుల వేగం కూడా పెంచలేదు. ఆయన ఏమీ అనకుండా వెళ్ళిపోయారు. సాయంత్రం నన్ను పిలుస్తారనుకున్నాను. పిలవలేదు.

ఆ నెల అంతా నాకు గుబులుగానే గడిచింది. నిమ్మ అంట్లు కూడా ఎండిపోతే అందరి మీదా దెబ్బ పడుతుంది. మంగ ఒక్కతే మట్టిలోకి పోయేది కాస్తా ఆరుగురూ పోతారు. రోజూ పొద్దున్నే వెళ్ళి పుల్లల మొగ్గలు చూసుకునేవాణ్ణి. ఆమె మాత్రం నన్ను వెక్కిరించేది. "చూస్తే చిగురు రాదండి. మీరు చూస్తుంటే సిగ్గుపడి లోపలికి పోద్ది" అని.

చిగురు వచ్చింది. అక్కడొకటి ఇక్కడొకటి పోయి ఉంటాయి, ఎవరివో తెలిసే దారి లేదు. వరసలన్నీ ఒక్కలా పచ్చబడ్డాయి.

ఆ మొక్కలు కొనడానికి ఒరిస్సా నుంచి ఒక వ్యాపారి వచ్చాడు. మా దగ్గర ఏళ్ళుగా కొనే మనిషి. కిరణ్ బాబు గారు దగ్గరుండి చూపిస్తున్నారు. ఆడవాళ్ళు పక్కనే పని చేసుకుంటున్నారు. వ్యాపారి ఒక మొక్క చేతిలోకి తీసుకుని, పక్కది కూడా తీసి చూసి, ఈ రంగులేంటి, వేరే వేరే రకాలా, కలిసిపోయాయా అని అనుమానంగా అడిగాడు. రకాలు కలిసిపోయాయనుకుంటే సరుకు ఎత్తడు. చాకులు ఆగాయి. నేను నోరు తెరవబోయాను.

కిరణ్ బాబు గారు చెయ్యి కొంచెం అడ్డం పెట్టారు, నన్ను ఆగమన్నట్టు.

"రకం ఒకటేనండి. రంగు టేపులు నేనే తెప్పించాను. ఎవరెవరు కట్టారో చూద్దామనుకున్నాను. ఇప్పుడు అవసరం లేదు, ఉన్నవి అయిపోవాలని వాడేస్తున్నాం. చిగురు చూడండి, టేపు ఎందుకు?"

వ్యాపారి చిగురు చూశాడు. లోడుకి చెప్పాడు. వాళ్ళిద్దరూ లారీ దగ్గరికి నడిచి వెళ్ళారు.

సత్యవతి కొత్త పుల్ల ఒకటి తీసి, మొగ్గ వైపు ఒకసారి చూసి, మంగ ఒళ్ళో పడేసింది. పీల పుల్ల అది. మంగ ఆమె ముఖంలోకి చూసింది. "కట్టు" అంది సత్యవతి. తర్వాత లారీ వైపు గడ్డం ఎగరేసి నాతో అంది.

"చిన్నబాబు గారికి పని వస్తోందండి."